ఫొటోలో సైసల్, పెట్టెలో కాగితం: డార్ట్ బోర్డు కొనేవాళ్లు జాగ్రత్త

వరంగల్, హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు ఇంట్లో ఆడుకోవడానికి డార్ట్ బోర్డు (డార్ట్‌లనే చిన్న బాణాలు విసిరే గుండ్రటి బోర్డు) ఆర్డర్ పెట్టబోతున్నవాళ్లు పైసలు కట్టే ముందు ఇది చదవండి. ఫొటోలో టీవీ మ్యాచ్‌లో కనిపించే సైసల్ అనే నార బోర్డే ఉంటుంది. పేరులో "ప్రొఫెషనల్", "18 అంగుళాలు", "ఆరు డార్ట్‌లు ఫ్రీ" అని ఉంటుంది. ఇంటికొచ్చేది మాత్రం కాగితం పట్టీని గట్టిగా చుట్టి, పైన రంగు కొట్టిన బిళ్ల. కొత్తలో తేడా తెలియదు. కొన్నాళ్లు రోజూ ఆడితే 20 అంకె ఉన్న గడిలో గుంత పడుతుంది, ఆ గుంతలో డార్ట్ నిలవదు. అప్పటికి వాపసు గడువు దాటిపోయి ఉంటుంది.

అన్నిటికంటే ముందు బరువు చూడండి. ఫొటో మార్చొచ్చు, పేరు మార్చొచ్చు, బరువు మార్చలేరు. అసలైన సైసల్ బోర్డు నాలుగున్నర నుంచి ఐదు కిలోల దాకా తూగుతుంది, మందం దాదాపు 38 మిల్లీమీటర్లు. అదే వెడల్పున్న కాగితం బోర్డు మూడు కిలోలు కూడా తూగదు. అమ్మే పేజీలో కిందికి పోతే బరువు, మందం రాసి ఉంటాయి. రాయకపోతే అమ్మేవాళ్లను అడగండి, జవాబు రాకపోతే ఆ సరుకు వదిలేయండి. పార్శిల్ వచ్చాక బోర్డును ఒక్కదాన్నే కిరాణా షాపు కాంట మీద పెట్టండి. డార్ట్‌లు, కొక్కెం, అట్టపెట్టె అన్నీ కలిపి తూచి నాలుగు కిలోలు వచ్చిందని సంబరపడొద్దు.

బరువులో ఇంత తేడా ఎందుకంటే, సైసల్ బోర్డులో వేల కొద్దీ నార పోగులు నిలువుగా, చివరలు మనవైపు ఉండేలా కూర్చి, ఇనుప పట్టీతో చుట్టూ బిగించి ఉంటాయి. రైలు కట్టల వెంట కంచెగా పెరిగే కిత్తనార జాతి మొక్క నుంచే ఈ నార వస్తుంది. డార్ట్ మొన పోగుల్ని చీల్చదు, వాటి మధ్యకు దూరుతుంది. తీయగానే పోగులు మళ్లీ దగ్గరికి వస్తాయి, రంధ్రం మూసుకుపోతుంది. కాగితానికి ఆ గుణం లేదు. మొన పొరల్ని చింపుకుంటూ పోతుంది, చిరిగిన చోట మళ్లీ కలవదు. అందరూ గురిపెట్టేది 20కే కాబట్టి ముందు పోయేదీ అదే గడి. "సైసల్ లుక్", "బ్రిసిల్ టైప్" (పోగుల రకం) అని రాసినా సైసల్ అనుకోవద్దు. సరుకు దేనితో చేశారో రాసే చోట "సైసల్" అని సూటిగా ఉండాలి. వందల్లో ధర పెట్టి, ఆరు డార్ట్‌లూ స్టాండూ కలిపి ఇస్తున్నారంటే అది సైసల్ కాదు. అసలు బోర్డు ధర వేలల్లోనే ఉంటుంది.

చేతికొచ్చాక చూపుతోనూ పట్టొచ్చు. పక్క నుంచి చూస్తే కాగితం బోర్డుకు చాపచుట్టలాంటి పొరలు కనిపిస్తాయి. చాలావాటికి వెనకవైపు కూడా ఇంకో ఆట గుండ్రాలు అచ్చువేసి ఉంటాయి. రెండువైపులా ఆడే బోర్డు అంటే కాగితమేనని అనుకోండి, ఎందుకంటే సైసల్ బోర్డుకు వెనక చెక్క ఉంటుంది. అంకెలు ఎలా ఉన్నాయో చూడండి. మంచి బోర్డుకు అంకెలు తీగతో చేసిన విడి రింగు మీద ఉంటాయి, ఆ రింగు క్లిప్పుల నుంచి ఊడి వస్తుంది. అంకెలు నేరుగా బోర్డు మీదే అచ్చువేసి ఉంటే బోర్డును తిప్పుకునే వీలు లేదు. తిప్పడం చాలా ముఖ్యం. 20 గడి అరగక ముందే రింగు విప్పి, బోర్డును రెండు గడులు జరిపి, రింగును మళ్లీ నిటారుగా పెడతారు. ఒక్క గడే జరిపితే 20 తెల్ల గడి మీదికి వస్తుంది. అది ఎప్పుడూ నల్ల గడిలోనే ఉండాలి కాబట్టి జరిపేటప్పుడు సరిసంఖ్యలోనే జరపాలి.

ఇంకో మోసం కొలతలది. "18 అంగుళాలు" అన్నది బోర్డు మొత్తం వెడల్పు. ఆడే భాగం ఎంతో చెప్పరు. ప్రామాణిక బోర్డు మొత్తం వెడల్పు 451 మిల్లీమీటర్లు, డబుల్ రింగు (ఆట భాగం చివరన, రెట్టింపు పాయింట్లిచ్చే సన్నటి రింగు) బయటి అంచు నుంచి ఎదురు అంచు దాకా 340 మిల్లీమీటర్లు. డబుల్ రింగు, దాని లోపల మూడు రెట్ల పాయింట్లిచ్చే ట్రిపుల్ రింగు, రెండింటి లోపలి వెడల్పు 8 మిల్లీమీటర్లు. బుల్ అంటే బోర్డు నడిమధ్య గుండ్రం: లోపలి బుల్ వెడల్పు 12.7 మిల్లీమీటర్లు, బయటి బుల్ 31.8. స్టీల్ టేపు పెట్టి ముందు ఆ 340 చూడండి. బయట చుట్టూ వెడల్పాటి నల్ల పట్టీ వదిలి, ఆట భాగాన్ని కుదించిన బోర్డులు బాగానే అమ్ముడుపోతున్నాయి. వాటి మీద నెలల తరబడి చేయి అలవాటు చేసుకున్న పిల్లలు అసలు బోర్డు ముందుకు పోతే ప్రతి ట్రిపులూ తప్పిపోతుంది. నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్న పోరగాళ్లకు ఇంతకంటే అన్యాయం లేదు. అంకెల వరుసా ఒకసారి సరిచూడండి: పైన 20, దానికి కుడివైపు 1, ఎడమవైపు 5, సరిగ్గా కింద 3.

సైసలే అయినా తీగలు చూసుకోవాలి. చౌక సైసల్ బోర్డుల్లో గుండ్రటి లావు తీగ, దాన్ని పట్టి ఉంచడానికి స్టేపుల్ పిన్నులు ఉంటాయి. డార్ట్ వాటికి తగిలి వెనక్కి ఎగిరి వస్తుంది. ముఖ్యంగా బుల్ చుట్టూ పిన్నులు ఉన్న బోర్డు తీసుకోవద్దు. ముక్కోణపు సన్నటి తీగ ఉన్నదైతే మొన పక్కకు జారి గడిలోకి దిగుతుంది. కొత్త సైసల్ బోర్డు మొదట్లో కాస్త గట్టిగా ఉంటుంది, అది లోపం కాదు. నాలుగైదు రోజులు అన్ని గడుల్లోకీ వేస్తూ పోతే సర్దుకుంటుంది. బొటనవేలితో నొక్కితే నార లోపలికి పోతుంటే, పోగులు వాటంతటవే రాలుతుంటే మాత్రం వదులుగా కూర్చిన బోర్డు. వెంటనే వాపసు పెట్టండి.

ఫ్రీగా వచ్చే డార్ట్‌లను నమ్ముకోవద్దు. వాటి మీద బరువు రాసి ఉండదు, ఆరింటిలో ఏ రెండూ ఒకే తూకం ఉండవు, మొన చివర కొక్కెంలా వంగి ఉంటుంది. ఆ కొక్కెమే బయటికి వచ్చేటప్పుడు పోగుల్ని పీకి మంచి బోర్డును కూడా పాడుచేస్తుంది. బరువు రాసి ఉన్న మూడు డార్ట్‌ల సెట్టు విడిగా కొనండి. ఇంట్లో మొదలుపెట్టేవాళ్లకు 22 నుంచి 24 గ్రాములు సరిపోతాయి. ఇత్తడివి చవక, కానీ లావుగా ఉంటాయి. టంగ్‌స్టన్‌వి అదే బరువుకు సన్నగా ఉంటాయి కాబట్టి ఒకే గడిలో మూడూ పడతాయి. మొన గరుకైతే సానరాయి మీద నెమ్మదిగా తిప్పుతూ నునుపు చేయండి, సూదిలా మాత్రం చేయొద్దు. తీసేటప్పుడు కాస్త మెలితిప్పుతూ లాగండి.

ఎలక్ట్రానిక్ బోర్డు వేరే వ్యవహారం. దానికి ప్లాస్టిక్ మొన డార్ట్‌లే వాడాలి, ఇనుప మొన వేస్తే గడులు పగులుతాయి. అయస్కాంత బోర్డు అయితే చిన్నపిల్లల బొమ్మ అనుకునే కొనండి. డార్ట్ కొసన ఉండే అయస్కాంతం ఊడిపోతోందేమో రోజూ చూడాలి. పిల్లలు రెండు అయస్కాంతాలు మింగితే అవి పేగుల్ని మధ్యలో పట్టి చిల్లు పెట్టగలవు. అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మంచి బోర్డు వచ్చినా మన ఇళ్లలో దాన్ని పాడుచేసేది తడి. ఎండాకాలంలో కూలరు పెట్టిన గదిలో, దాని గాలి నేరుగా తగిలేలా బోర్డు తగిలించొద్దు. నార తేమ పీల్చి ఉబ్బుతుంది, గడులు ఎత్తుపల్లాలవుతాయి. వానకు చెమ్మ పట్టే గోడ కూడా అంతే, వెనక చెక్క ఉబ్బి తీగలు లేస్తాయి. బోర్డును నీళ్లతో తడపమని చెప్పేవాళ్ల మాట వినొద్దు. అది పాత కాలపు చెక్క బోర్డులకు చేసిన పని, సైసల్‌కు చేస్తే బోర్డు గతి అంతే.

బిగించేటప్పుడు గోడలో డ్రిల్లుతో రంధ్రాలు వేసి ప్లాస్టిక్ గిట్టీలు దిగ్గొట్టి స్క్రూలు బిగించండి. ఐదు కిలోల బరువును మేకుకు వేలాడదీస్తే సిమెంటు పెచ్చుతో సహా కింద పడుతుంది. బోర్డు వెనక మధ్యలో వేసే స్క్రూ పెట్టెతో వచ్చిందే వాడాలి. పొడవుదైతే చెక్క దాటి నారలోకి దిగి బుల్‌ను ముందుకు తోస్తుంది. బుల్ మధ్య బిందువు నేల నుంచి 1.73 మీటర్లు, అంటే 5 అడుగుల 8 అంగుళాలు ఉండాలి. నిలబడే గీత 2.37 మీటర్ల దూరంలో, అంటే 7 అడుగుల 9 పావు అంగుళాలు. దీన్ని గోడ నుంచి కొలవొద్దు, బోర్డు ముఖం నుంచి కొలవాలి. దారానికి నట్టు కట్టి బోర్డు ముఖం మీదుగా నేలకు వేలాడదీస్తే సరైన చోటు తెలుస్తుంది. బుల్ నుంచి గీతకు ఏటవాలుగా 2.93 మీటర్లు వస్తే రెండూ సరిగ్గా కుదిరినట్టే. ప్లాస్టిక్ మొన ఆటకు గీత 2.44 మీటర్లు. షాబాద్ బండల మీద, టైల్స్ మీద పడితే మొన మొద్దుబారుతుంది, టైలు చిట్లుతుంది, అందుకే కింద రబ్బరు మ్యాటు వేయండి. తలుపు పక్క గోడకు మాత్రం బిగించొద్దు. పరుగెత్తుకొచ్చే పిల్లల కంటి ఎత్తులోనే ఎగిరొచ్చిన డార్ట్ వచ్చి తగులుతుంది.

ఇప్పటికే కాగితం బోర్డు అంటగట్టబడినవాళ్లు డార్ట్ వేయకముందే ఫొటోలు తీయండి. కాంట మీద బరువు, పక్క అంచు, టేపు పెట్టిన కొలత, పెట్టె మీది స్టిక్కరు కావాలి. స్టిక్కరు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర, నెల, ఏడాది ఉండాలి, బయటి సరుకైతే ఏ దేశానిదో కూడా ఉండాలి. అమ్మిన పేజీని స్క్రీన్‌షాట్ తీయండి, ఎందుకంటే ఫిర్యాదు అందగానే రాతలు మార్చేస్తారు. "నచ్చలేదు" అని వాపసు పెట్టొద్దు, "చూపించిన సరుకు వేరు, పంపింది వేరు" అన్న కారణమే ఎంచుకోండి. ఆ వెబ్‌సైటు ఫిర్యాదుల అధికారికి రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. కదలకపోతే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి, తెలుగులోనే చెప్పొచ్చు. అప్పటికీ తెగకపోతే అమ్మినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు.