ఉల్లిగడ్డ పొర, బుగ్గ కణాలు, నాచు ఆకు: కణం పాఠానికి ఏది మేలు?

"కణకవచం, కణత్వచం రెండూ చుట్టూ ఉండేవేగా సార్, రెండు గీతలెందుకు?" హనుమకొండలో తొమ్మిదో తరగతి పిల్ల అడిగిన మాట ఇది. కణకవచం అంటే మొక్క కణం బయటి గోడ, కణత్వచం దాని లోపలి పల్చటి పొర. పుస్తకంలో బొమ్మ చూసినంతసేపూ ఈ సందేహం తీరదు. సూక్ష్మదర్శినిలో చూపించాలి. మరి ఏం చూపించాలి?

బుగ్గ కణాలు తేలిక. కొత్త టూత్‌పిక్‌తో బుగ్గ లోపల మెల్లగా గీకి, చుక్క నీళ్లలో కలిపి, మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు వేస్తే చాలు. పల్చటి, వంకరటింకర కణాలు, మధ్యలో ముదురు నీలంగా కేంద్రకం కనిపిస్తాయి. తన ఒంట్లోని కణాన్ని తానే చూసుకున్న పిల్లవాడి సంబరం ఇంతా అంతా కాదు. జంతుకణానికి కణకవచం ఉండదనీ తెలుస్తుంది. కానీ అంతకు మించి పెద్దగా ఏమీ తెలియదు.

హైడ్రిల్లా సంగతి వేరు. చెరువుల జిల్లా మనది, ఈ నాచు కోసం దూరం పోనక్కర్లేదు. లేత ఆకు చాలా చోట్ల రెండు వరుసల కణాల మందమే ఉంటుంది కాబట్టి కోయకుండానే స్లైడు మీద పెట్టొచ్చు. కాసేపు వెలుతురులో ఉంచి 400 రెట్లు పెద్దది చేసి చూడండి. నడిమి ఈనె దగ్గర హరితరేణువులు (ఆకుకు పచ్చదనాన్నిచ్చే రేణువులు) గోడ వెంబడి ఒకదాని వెనుక ఒకటి కదులుతుంటాయి. నిజానికి కదిలేది కణద్రవ్యం, అది వాటిని మోసుకుపోతుంది. కణం బతికి ఉందని ఇంత గట్టిగా చెప్పేది ఇంకొకటి లేదు. ఇబ్బందల్లా, దీనికి మంచి లెన్సు కావాలి. చాలా బళ్లలో ఉన్న పాత సూక్ష్మదర్శినికి అది కష్టం.

ఒక్కటే చూపించే వీలుంటే నా ఓటు ఉల్లిగడ్డకే, అదీ ఎర్ర ఉల్లిగడ్డకే. మామూలుగా రేకు లోపలి వైపున్న రంగులేని పొర తీసి సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు వేస్తాం. కేంద్రకం చూపడానికి అది బాగానే పనికొస్తుంది. 1831లో రాబర్ట్ బ్రౌన్ కేంద్రకానికి పేరు పెట్టిందీ ఇలాంటి మొక్క పొరలనే, ఆర్కిడ్ పొరలను, చూస్తూనే. అసలు పాఠం మాత్రం రేకు వెలుపలి వైపున్న ఊదా పొరలో ఉంది. ఎండిన పొట్టు పనికిరాదు, దాని కింది కండగల రేకు తీసుకోవాలి. దీనికి ఏ రంగూ వేయొద్దు. ఆ ఊదా రంగంతా రిక్తికలోని (కణంలో రసం నిండిన సంచిలోని) రసానిదే కాబట్టి రిక్తిక కణంలో ఎంత చోటు ఆక్రమించిందో కంటికే తెలుస్తుంది.

ఇప్పుడు 100 మిల్లీలీటర్ల నీళ్లలో 5 గ్రాముల ఉప్పు కలిపి, కవర్‌స్లిప్ అంచున చుక్క వేసి, అవతలి అంచున వడపోత కాగితం ఆనించండి. కాసేపట్లో ఊదా రంగు మూలల నుంచి ముడుచుకుంటుంది. బయటి గోడ కదలదు. అదే కణకవచం, ఉప్పునీళ్లను ఆపదు. లోపల ముడుచుకున్న ఊదా ముద్ద అంచున ఉన్నది కణత్వచం. అది ఉప్పును ఆపి, నీటిని మాత్రం బయటకు వదిలింది. 1665లో రాబర్ట్ హుక్ బెరడులో చూసినవి ఖాళీ గోడలే, ఈ లోపలి పొర ఆయనకు కనపడలేదు. ఆలస్యం చేయకుండా మంచినీళ్లు పోస్తే ఊదా రంగు మళ్లీ గోడ దాకా పరుచుకుంటుంది. ఇలా పొర గుండా నీరు అటూ ఇటూ పోవడమే ద్రవాభిసరణ, ఆ పాఠం కూడా అక్కడే అయిపోతుంది.

ఉల్లిగడ్డ రేకు నేలలో, వెలుతురు తగలకుండా పెరుగుతుంది కాబట్టి ఇందులో హరితరేణువులు కనపడవు. చాలామంది పరీక్షలో ఉల్లి పొర బొమ్మలోనూ వాటిని గీసేస్తారు. అలాగే ఈ మూడింటిలో దేనిలోనూ మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే చిన్న భాగం) బడి సూక్ష్మదర్శినికి ఇలా అందదు. కనిపించిన ప్రతి చుక్కనూ మైటోకాండ్రియా అని పిల్లలకు చెప్పకండి.