హెవీ లైసెన్సు శిక్షణ, నల్గొండ: కారు నడిపినవాడు లారీ ఎక్కి చూసిన నెల రోజులు

మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం తోలే లారీ ఒకటి మాకుంది. దాని డ్రైవరు పండుగకు ఊరెళ్లి పది రోజులైనా రాకపోవడంతో బండి ఆవరణలోనే నిలిచిపోయింది. పదకొండేళ్లుగా కారు నడుపుతున్న నాకు దాని స్టీరింగు పట్టే అర్హత లేదు. మొత్తం బరువు ఏడున్నర టన్నుల లోపు ఉండే సరుకు బండికి కారు లైసెన్సే చాలునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది కానీ, మా ఆరు చక్రాల బండి అంతకు రెట్టింపు దాటుతుంది. ఆ ఉక్రోషంతోనే నల్గొండ శివారులోని ఒక శిక్షణ కేంద్రంలో 12,000 రూపాయలు కట్టి హెవీ కోర్సులో చేరాను. ఫిర్యాదులు కూడా ఉన్నందువల్ల దాని పేరు రాయడం లేదు.

చేరకముందే తేడా తెలిసింది. 2014లో కారు లైసెన్సు తీసుకున్నప్పుడు నా ఆరోగ్యం బాగుందని నేనే సంతకం పెట్టి ఇస్తే సరిపోయింది. ఈసారి డాక్టరు చూసి ఫారం 1ఏ మీద సంతకం చేయాలి. కారుకు పద్దెనిమిదేళ్లు నిండితే చాలు. లారీ వంటి రవాణా వాహనానికి ఇరవై నిండాలి, అంతకుముందు కనీసం ఏడాదిపాటు కారు లైసెన్సు ఉండాలి, నేర్చుకున్నట్టు శిక్షణ కేంద్రం ఇచ్చే ధ్రువపత్రం, ఫారం 5 కూడా జతచేయాలి. కారు లైసెన్సు నాకు ఒకేసారి ఇరవై ఏళ్లకు ఇచ్చారు. రవాణా అర్హత మాత్రం ఐదేళ్లకే ముగుస్తుంది. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించక ముందైతే అది మూడేళ్లే. ఇప్పుడు నా కార్డు మీద రెండు గడువులున్నాయి: కారుకు 2034, లారీకి 2030. రెండు చోట్లా కళ్లు నావే.

ఈ కేంద్రంలో డబ్బుకు తగిన విలువ దొరికేది లారీ నేర్పే ఉస్తాద్ దగ్గర. ముప్పై ఏళ్లు నాగ్‌పూర్, విజయవాడ లైన్లలో తిరిగిన మనిషి. మొదటి రోజు ఇంజను స్టార్టు చేయనివ్వలేదు. నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తోటి విద్యార్థిని క్యాబిన్ ఎడమ పక్కగా నడిపించి, ఎక్కడ కనబడకుండా పోతాడో చెప్పమన్నారు. ఆ కుర్రవాడు తలుపు దగ్గరకు రాగానే అద్దంలోంచి మాయమై, బంపరు దాటాక గానీ మళ్లీ కనబడలేదు. నార్కట్‌పల్లి దగ్గర సర్వీసు రోడ్డు నుంచి హైవే మీదికి వచ్చేటప్పుడు నా కారును ఎన్నిసార్లు సరిగ్గా అక్కడే దూర్చానో అప్పుడు లెక్క వేసుకోబోయి మానుకున్నాను. ఎయిర్ బ్రేకుకు గాలి నిండేదాకా బండి కదిలించకూడదని, లోడు బండి కారు ఆగినంత దూరంలో ఆగదని ఆయన చెప్పిన తీరు ఏ పుస్తకంలోనూ దొరకదు. నన్ను చివరిదాకా ‘సేటూ’ అనే పిలిచారు, తప్పు చేసినప్పుడు మాత్రం ఆ గౌరవం కొంచెం తగ్గేది.

చట్టం గురించి ఆయన పాఠం సగం అనుభవం, సగం కోపం. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన ప్రకటన ప్రకారం నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు గరిష్ఠ వేగం 100 కిలోమీటర్లు, సరుకు బండికి 80. బండిలో స్పీడు గవర్నరు కూడా 80 దగ్గరే పట్టేస్తుంది. 2019లో సవరించిన చట్టంలో అతివేగానికి కారుకు 1,000 నుంచి 2,000 రూపాయల జరిమానా ఉంటే, లారీకి 2,000 నుంచి 4,000 ఉంది. మద్యం దగ్గర మాత్రం ఇద్దరికీ ఒకటే కొలత, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. అమెరికాలో సాధారణ డ్రైవరుకు చాలా రాష్ట్రాలలో 0.08 శాతం హద్దయితే, వాణిజ్య వాహనం నడిపేవారికి 0.04 శాతమే.

“కారోడు తప్పు జేసినా కేసు లారీ మీదనే రాస్తరు సేటూ,” అన్నారు ఒకరోజు, చిట్యాల దగ్గర టీ తాగుతూ. 2024 జనవరి సమ్మె సంగతి కూడా అప్పుడే వచ్చింది. ప్రమాదం చేసి, ఒకరి ప్రాణం పోయాక సమాచారం ఇవ్వకుండా పారిపోతే పదేళ్ల వరకు శిక్ష అన్న, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 106(2) కారువాడికీ వర్తించేదే, అయినా రోడ్డెక్కింది లారీ డ్రైవర్లే. ఆగితే జనం కొడతారు, ఆగకపోతే జైలు అన్న భయం కారులో కూర్చున్నవాడికి అంతగా ఉండదు. ఆ నిబంధనను 2024 జూలైలో మిగతా సంహితతోపాటు అమలులోకి తేలేదు.

ఆయనతో నేను పూర్తిగా ఏకీభవించను. లారీకి కఠినమైన నియమాలు ఉండవలసిందే. నాకు తప్పుగా తోచినది రెండో వైపు: అదే హైవే మీద లారీ కన్నా వేగంగా పోయే హక్కున్న నన్ను, దాని అద్దాల గురించి పదకొండేళ్లలో ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఇంకొకటి, జరిమానా చివరికి ఎవరి జేబులోంచి పోతుందన్నది. అధిక లోడుకు చట్టంలో 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకు 2,000. లోడు ఎంత వేయాలో చెప్పేది యజమాని, చెక్‌పోస్టులో కిందికి దిగేది డ్రైవరు. నిరుడు అలాంటి ఒక చలానులో సగం మా డ్రైవరు జీతంలోంచి కోసిన సేటును నేనే. కోర్సు రెండో వారంలో ఆ డబ్బు అతనికి తిరిగి ఇచ్చాను.

ఇక ఫిర్యాదులు. నిబంధనల ప్రకారం హెవీ శిక్షణ ముప్పై రోజులకు తగ్గకూడదు, అందులో పదిహేను గంటలు స్టీరింగు మీద ఉండాలి. నా నోటుబుక్కు లెక్కలో తొమ్మిది గంటలు దాటలేదు, హాజరు పుస్తకంలో మాత్రం పదిహేను నిండాయి. రాత్రి ఒక్కసారీ నడిపించలేదు. పక్కనే నడిచే కారు బ్యాచీకి తరగతి అంటూ ఏదీ లేదు. పది రోజులు క్లచ్చు, గేరు నేర్పి పరీక్షకు పంపేశారు. వారిని ఒక్క పూటైనా లారీ సీట్లో కూర్చోబెట్టమని ఆఫీసులో అడిగితే, కారు నేర్చుకునేవారు దానికి అదనంగా డబ్బు ఇవ్వరన్నారు.

ఉస్తాద్ ఉన్నంతకాలం చేరవచ్చు. ఐదుకు మూడు చుక్కలు, అవి ఆయనవే. చేరేవారు గంటలు ఎవరికి వారు రాసుకోవాలి. లోడు బండి మీద నడిపిస్తారా అని డబ్బు కట్టకముందే అడగాలి. నాకు తోచలేదు, అందుకే లోడుతో ఎలా ఆగుతుందో మొదటిసారి మా సొంత బియ్యం బస్తాలతోనే, మా డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకొని తెలుసుకున్నాను.