కత్తి పుట్టిల్లు చెప్పే లండన్ దుకాణం

బ్రిటిష్ అశ్వికదళానిదన్న నమ్మకంతో నేను కొన్న వంపు కత్తిని పరీక్షకు ఇచ్చినప్పుడు, ఆ పాత ఆయుధాల దుకాణంలోని నిపుణుడు ముందుగా పిడిని కాక, అలుగు (కత్తి లోహపు భాగం) వీపును, అంటే పదును లేని అంచును, భూతద్దంతో చూశారు. ఫ్రెంచి సైనిక కత్తులైతే తరచుగా అక్కడే ఫ్రాన్స్‌లోని క్లింగెంతాల్ ఆయుధ కర్మాగారం పేరు, తయారైన నెల, సంవత్సరం చెక్కి ఉంటాయి. నా కత్తిపై అవేమీ లేవు. బ్రిటన్ 1796 నాటి అశ్వికదళ కత్తి నమూనాను ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) 1811లో దాదాపు యథాతథంగా స్వీకరించిందని, నాది ఆ ప్రష్యన్ రకమేనని, చేతికాపుపై ఉన్న రెజిమెంటు ముద్రలను చూపి ఆయన ఓపికగా వివరించారు. కత్తుల తయారీకి పేరున్న జర్మన్ పట్టణం జోలింగెన్ ముద్ర ఉన్నంత మాత్రాన కత్తి జర్మన్ సైన్యానిదని అనుకోరాదని, ఆ ఊరి అలుగులు అనేక దేశాలకు ఎగుమతి అయ్యేవని చెప్పిన మాట నాకు అన్నిటికన్నా విలువైనది. రాతపూర్వక నివేదిక మాత్రం రెండే వాక్యాలు. ముద్రల ఛాయాచిత్రాలు జతచేయకపోవడం పెద్ద లోపం.