విజయనగరం–విశాఖ రైలు సీజన్ టికెట్: మూడేళ్లు దాటాక నా మాట

మాది విజయనగరం, ఉద్యోగం విశాఖలో మద్దిలపాలెం దగ్గర. మొదట్లో రోజూ బండి మీదే వెళ్లొచ్చేవాణ్ణి. 2022 ఏప్రిల్‌లో పెట్రోలు 120 రూపాయల దాకా పోయింది. రానూపోనూ 120 కిలోమీటర్లు, బండి లీటరుకు 50 ఇస్తుంది. నెల తిరిగేసరికి పెట్రోలుకే ఏడు వేలు. ఆ నెల పిల్లాడి ఫీజుకి చేబదులు అడగాల్సి వచ్చింది. మర్నాడే స్టేషన్‌కి వెళ్లి సీజన్ తీశాను.

డబ్బు విషయంలో దీనికి సాటి లేదు. రెండు రోజుల పెట్రోలు డబ్బు పెడితే నెలంతా తిరగొచ్చు. తర్వాత పెట్రోలు కొంచెం దిగింది కానీ మన రాష్ట్రంలో 31 శాతం వ్యాట్, దానిమీద లీటరుకు 4 రూపాయలు, ఆపైన ఒక రూపాయి రోడ్డు సెస్ ఉన్నాయి. పార్వతీపురం దాటి ఒడిశాలోని రాయగడ వెళ్లి కొట్టించుకున్నవాళ్లకి తేడా తెలుస్తుంది.

ప్రయాణం సుఖంగా ఉంటుందని మాత్రం చెప్పను. కోరుకొండ, అలమండ దాటి కొత్తవలస వచ్చేసరికి కాలు పెట్టే చోటుండదు. కూరగాయల తట్టలతో ఆడవాళ్లు ఎక్కుతారు. ఒక పెద్దావిడ రోజూ నా పక్కనే తట్ట దించి, "కాసింత జరుగు బాబూ, సింహాచలంలో దిగిపోతాను" అంటుంది. నేను రెండు రోజులు సెలవు పెడితే, "ఏటి బాబూ, నిన్నా మొన్నా రాలేదేటి?" అని అడుగుతుంది. ఆ తట్టలోని కొత్తిమీర వాసన వస్తే పెందుర్తి దగ్గరపడిందని కళ్లు తెరవకుండానే తెలిసిపోతుంది.

2023 అక్టోబర్ 29న కంటకాపల్లి–అలమండ మధ్య రెండు ప్యాసింజర్లు ఢీకొన్నాయి. ఆదివారం కాబట్టి నేను ఇంట్లో ఉన్నాను. ఆ తర్వాత చాలా రోజులు, రైలు ఎక్కానని ఫోన్ చేస్తేగానీ అమ్మ అన్నం తినలేదు. ఇప్పటికీ ఆ చోటు దాటేటప్పుడు బోగీలో మాటలు తగ్గుతాయి.

అసలు కష్టం విశాఖలో దిగాకే మొదలవుతుంది. స్టేషన్ నుంచి ఆఫీసుకి ఆరు కిలోమీటర్లు ఉంటుందేమో. షేర్ ఆటోలు రెండు మారాలి, రోజుకి 80 రూపాయలు. అంటే ఊరి నుంచి ఊరికి 60 కిలోమీటర్లు తెచ్చిన సీజన్ కంటే, నగరంలో ఈ ఆరు కిలోమీటర్లకే నెలకి ఎన్నో రెట్లు పోతోంది. పెట్రోలు పెరిగినప్పుడల్లా ఆటోకి ఐదో పదో పెరుగుతుంది. 2022 మేలో కేంద్రం ఎక్సైజ్ సుంకం పెట్రోలు మీద 8, డీజిల్ మీద 6 రూపాయలు తగ్గించినా మా ఆటో రేటు తగ్గలేదు. వాళ్లదీ బతుకే, తప్పు పట్టలేను.

సిటీ బస్సు కూడా చూశాను. పొద్దున పర్వాలేదు. సాయంత్రం ఎప్పుడొస్తుందో తెలియక, వచ్చినదాంట్లో చోటు లేక, నెలలో నాలుగుసార్లు రైలు తప్పింది. తప్పితే ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. ప్యాసింజర్ రైళ్లు వచ్చిపోయే వేళలకి స్టేషన్ నుంచి రెండు బస్సులు నడిపినా మాలాంటివాళ్లం వందల మందిమి బాగుపడతాం.

కొత్తగా తీసుకునేవాళ్లకి ఒక్క మాట: సీజన్‌తో రిజర్వేషన్ బోగీ ఎక్కకండి. నెల నెలా లైనులో నిలబడే బదులు మూడు నెలలది తీసుకోండి, నెల రేటుకి 2.7 రెట్లే పడుతుంది. నాది వచ్చే వారంతో అయిపోతుంది. మళ్లీ మూడు నెలలకే తీస్తున్నాను.