ఒకే బ్రాండు సెట్ కొనకండి: నా పానాలు, సాకెట్ల గురించి నా మాట

నేను కార్ల మెకానిక్‌ని. 18 ఏళ్లుగా ఇదే పని. మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు మొన్న అడిగాడు: "అన్నా, సొంతంగా టూల్స్ కొనుక్కుందామనుకుంటున్నా. ఏ బ్రాండు మంచిది?" ఒక్క పేరు చెప్పలేకపోయాను. నా పెట్టెలోనే ఆరేడు బ్రాండ్లున్నాయి. ఒక్కోటి ఒక్కో కారణంతో వచ్చి చేరింది. వాడికి చెప్పినవే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను మొదట కొన్నది 100కు పైగా ముక్కలున్న పెద్ద పెట్టె. ఏ కంపెనీదో చెప్పను. మూత తెరిస్తే తళతళా మెరిసేది, చూసి మురిసిపోయాను. కొన్నాళ్లకు ఒక కారు బ్రేక్ కాలిపర్ బ్రాకెట్ బోల్టు ఊడదీయాల్సి వచ్చింది. 17 సైజు (తల వెడల్పు 17 మి.మీ.), తుప్పు పట్టి బిగుసుకుపోయింది. సెట్‌లోని 17 సాకెట్ (బోల్టు తల మీద టోపీలా కూర్చునే గొట్టం) పెట్టి పొడవాటి హ్యాండిల్‌తో లాగాను. టక్కున జారింది. వేళ్ల కణుపులు సస్పెన్షన్ ఆర్మ్‌కు కొట్టుకుని చర్మం లేచిపోయింది. చూస్తే బోల్టు తల మూలలన్నీ పోయి గుండ్రంగా తయారైంది. చివరికి ఆ తల మీద నట్టు వెల్డింగ్ చేసి బోల్టు తీశాం. పది నిమిషాల పనికి సాయంత్రం వరకు పట్టింది.

ఆ రాత్రి వెర్నియర్ తీసుకుని ఆ సెట్‌లోని సాకెట్లన్నీ కొలిచాను. 13 అని రాసి ఉన్న దాని లోపలి కొలత దాదాపు 13.3 ఉంది. నా దగ్గర విడిగా ఉన్న ఇంకో మంచి సాకెట్ 13.1 దాటలేదు. ఇంత చిన్న తేడాకు ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ 13 సైజు బోల్టు తల కూడా సరిగ్గా 13 ఉండాలని లేదు. మామూలు ఎం8 బోల్టుకు (మర ఉన్న కాడ మందం 8 మి.మీ.) తల 12.73 వరకు తక్కువ ఉండొచ్చని ప్రమాణాలే ఒప్పుకుంటాయి. వదులు సాకెట్, సన్న తల కలిస్తే బలమంతా మూలల అంచు మీదే పడుతుంది. మూల అరుగుతుంది, పానా జారుతుంది.

అప్పటి నుంచి నేను పేరు కంటే ముందు సాకెట్ లోపలి ఆకారం చూస్తాను. ఆరు మూలల సాకెట్ కొనండి, పన్నెండు మూలలది కాదు. పన్నెండు మూలలది తొందరగా కూర్చుంటుంది, నిజమే. కానీ తుప్పు బోల్టు మీద ఆరు మూలలకున్న పట్టు దానికి ఉండదు. (కొన్ని కార్లలో బోల్టు తలే పన్నెండు మూలలతో వస్తుంది. అందుకోసం కొన్ని విడిగా ఉంచుకోవాలి.) రెండోది, మూలల దగ్గర లోపలి గోడ కాస్త వెనక్కి తొలిచి ఉందా లేదా చూడండి. అలా ఉంటే బలం బోల్టు మూల మీద పడకుండా పక్క చదును మీద పడుతుంది. స్నాప్-ఆన్ దీన్ని ఫ్లాంక్ డ్రైవ్ అంటుంది, ఫాకోమ్ ఓజీవీ అంటుంది, గెడోరే యూడీ ప్రొఫైల్ అంటుంది, స్టాల్‌విల్లే ఏఎస్ డ్రైవ్ అంటుంది. పేర్లు వేరు, పని ఒకటే. ఇప్పుడు మంచి కంపెనీలన్నిటిలోనూ దొరుకుతుంది కాబట్టి దానికోసం ఒక్క కంపెనీనే పట్టుకుని కూర్చోనక్కర్లేదు.

ఇక సాకెట్లలో నా చెయ్యి ముందు వెళ్లేది కోకెన్ మీదికి. 1946లో మొదలైన జపాన్ కంపెనీ, వాళ్ల ప్రధానమైన పనే సాకెట్లు. జడ్-ఈల్ అనే వాళ్ల 3/8 సిరీస్ (హ్యాండిల్ దూరే చదరపు రంధ్రం 3/8 అంగుళం) పొట్టిగా, గోడ పలచగా ఉంటుంది. ఇంజిన్ పక్కన రెండు పైపుల మధ్య మామూలు సాకెట్ దూరని చోట ఇది దూరుతుంది. పలచన కదా, పగులుతుందేమోనని మొదట్లో నాకూ భయం వేసింది. ఆరేళ్లుగా రోజూ వాడుతున్నాను, ఒక్కటీ పగల్లేదు. రాట్చెట్ (సాకెట్ తీయకుండానే ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తిప్పే హ్యాండిల్) మాత్రం కేటీసీ వాళ్ల నెప్రోస్. 90 పళ్లు, అంటే హ్యాండిల్ 4 డిగ్రీలు కదిలితే చాలు, తర్వాతి పన్ను అందుకుంటుంది. 36 పళ్లదైతే 10 డిగ్రీలు కావాలి. డాష్‌బోర్డు కింద చెయ్యి తిప్పే చోటు లేనప్పుడు ఆ ఆరు డిగ్రీల విలువ తెలుస్తుంది. అయితే బిగుసుకున్న బోల్టును రాట్చెట్‌తో ఎప్పుడూ కదిలించను. ముందు బ్రేకర్ బార్‌తో (లోపల పళ్లు లేని పొడవాటి హ్యాండిల్) వదులు చేసి, ఆ తర్వాతే రాట్చెట్ పెడతాను. ఎంత మంచి రాట్చెట్ అయినా దాని పళ్లు సన్నవే.

పానాల దగ్గరికొస్తే నాకు స్టాల్‌విల్లే ఇష్టం. 1862 నుంచి ఉన్న జర్మన్ కంపెనీ. వాళ్ల కాంబినేషన్ పానా (ఒక కొన ఫిక్స్, అంటే తెరిచిన నోరు; ఇంకో కొన గుండ్రటి రింగ్) కాడను అడ్డంగా కోస్తే ఐ అక్షరంలా ఉంటుంది. బరువు తక్కువ, వంగదు, నూనె చేత్తో పట్టుకున్నా జారదు. రింగ్ గోడ పలచన. నా 13 పానా అక్షరాలు అరిగిపోయాయి గానీ నోరు తెరుచుకోలేదు. హాజెట్, గెడోరే కూడా అదే ప్రాంతపు పాత కంపెనీలు. వాటిని వాడే తోటి మెకానిక్‌ల నోట ఇలాంటి మాటే విన్నాను.

వేరా కంపెనీ జోకర్ పానా గురించి చాలామంది అడుగుతారు. నోట్లో చిన్న పళ్లున్న పలక ఉంటుంది, నట్టును పట్టుకుని కింద పడనివ్వదు. 30 డిగ్రీల తిప్పుతోనే మళ్లీ పట్టు దొరుకుతుంది. మామూలు ఫిక్స్ పానాకు 60 డిగ్రీలు కావాలి, లేదా ప్రతిసారీ తిరగేసి పెట్టాలి. ఒంటి చేత్తో నట్టు ఎక్కించాల్సిన చోట ఇది గొప్ప సాయం. కానీ నోటి దగ్గర ఒక స్టాప్ ఉంటుంది. నట్టును దాటించి లోపలికి దించాల్సిన చోట అది అడ్డం. నేను 10, 13 రెండే తీసుకున్నాను, పూర్తి సెట్ నాకు అవసరం అనిపించలేదు.

టపారియా పానాలు పని నేర్చుకున్న రోజుల నుంచీ నా దగ్గర ఉన్నాయి. ఇప్పటికీ వాడుతున్నాను, ముఖ్యంగా పానాను వంచో, గ్రైండ్ చేసో ప్రత్యేకంగా తయారుచేసుకోవాల్సి వచ్చినప్పుడు. స్టాల్‌విల్లేని గ్రైండర్ దగ్గరికి తీసుకెళ్లడానికి నాకు మనసు ఒప్పదు.

బ్రాండు కంటే ముఖ్యమైనది, కొనేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది సైజుల లెక్క. జపాన్ కార్లు, బైకుల్లో ఎం8 బోల్టు తల 12, ఎం10ది 14, ఎం12ది 17. జర్మన్ కార్లలో ఎం8కి 13, ఎం10కి 16, ఎం12కి 18 తగులుతుంటాయి, పాత బండ్లలో 17, 19 ఉంటాయి. చాలా చవక సెట్లలో 16, 18 ఉండవు. వాటి బదులు ఎప్పుడూ వాడని బిట్లు ముప్పై పెట్టి, ముక్కల సంఖ్య పెంచి చూపిస్తారు. 16 లేని సెట్‌తో జర్మన్ కారు కిందికి దూరితే మధ్యలో బయటికొచ్చి పానా కోసం వెతుక్కోవాల్సిందే. అందుకే ముక్కలు లెక్కపెట్టకండి, 8 నుంచి 19 వరకు వరుస తెగకుండా ఉందో లేదో చూడండి.

ఇంపాక్ట్ గన్‌కు (దెబ్బలు కొడుతూ బోల్టు తిప్పే యంత్రం) మాత్రం నల్ల సాకెట్లే. వాటిని మందపాటి గోడతో దెబ్బలు తట్టుకునేలా చేస్తారు, చాలావరకు క్రోమ్ మాలిబ్డినం ఉక్కు. మెరిసే క్రోమ్ సాకెట్ గట్టిగా ఉంటుంది గానీ దెబ్బకు పగిలి ముక్కలు ఎగరొచ్చు. మా కుర్రాడు ఒకసారి తెలియక గన్‌కు క్రోమ్ సాకెట్ తగిలించబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. కళ్లతో ఆటలాడకూడదు.

క్నిపెక్స్ ప్లయర్స్ రెంచ్ (పట్టుకారులా ఉండే పానా) గురించి చెప్పకుండా ఉండలేను. దవడలు సమాంతరంగా మూసుకుంటాయి. చేతి బలాన్ని పది రెట్లు చేస్తుందని కంపెనీ చెబుతుంది, వాడితే నమ్మబుద్ధవుతుంది. మధ్యలో సందు ఉండదు కాబట్టి క్రోమ్ నట్టు మీద కూడా గీత పడదు. మిల్లీమీటరైనా, అంగుళమైనా పట్టుకుంటుంది. ఫిక్స్ పానాల్లో పెద్ద సైజులు కొనడం మానేసి ఇదొకటి పెట్టుకున్నాను.

కుర్రాడికి చివరికి కాగితం మీద రాసిచ్చింది ఇది: 3/8 సైజులో ఆరు మూలల సాకెట్లు 8 నుంచి 19 వరకు, ఒక రాట్చెట్, రెండు ఎక్స్‌టెన్షన్లు, బ్రేకర్ బార్. కాంబినేషన్ పానాలు 10, 12, 13, 14, 17. మిగతావి ఏదైనా పనిలో అవసరమైన రోజు ఒక్కొక్కటిగా. వాడు కాగితం చూసి "పెట్టె వద్దా అన్నా?" అన్నాడు. పానాలు చుట్టి పెట్టుకునే గుడ్డ సంచి ఒకటి నా దగ్గర ఖాళీగా ఉంది, అది ఇచ్చాను.