ఎస్టీమ్ 1.3 ఇంజన్‌కి ఆయిల్ పంపు: కొన్నేళ్లు గట్టిగా వాడాక

ముందే తేల్చి చెప్పేస్తా. మారుతి ఎస్టీమ్ ఇంజన్‌ని కాస్త గట్టిగా వాడేవాళ్లకి హై వాల్యూమ్ ఆయిల్ పంపు, అంటే ఎక్కువ ఆయిల్ తోసే పెద్ద పంపు, అక్కర్లేదు. మామూలు కంపెనీ పంపే కొత్తది కొని, విప్పి, కొలిచి, సరిచేసుకుని బిగిస్తే సరిపోతుంది. నా కారులో కొన్నేళ్లుగా ఉన్నది అలాంటిదే. ఇంజన్ జి13బిబి, 1298 సీసీ. క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్), హెడర్స్ (ఎగ్జాస్ట్ గొట్టాలు) మార్చాను, టర్బో లేదు, 7000 ఆర్‌పీఎం దాకా లాగుతా. మామూలు రోజుల్లో కూకట్‌పల్లి, అమీర్‌పేట ట్రాఫిక్, ఆదివారాలు అనంతగిరి ఘాట్, కుదిరినప్పుడు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్.

ఈ ఇంజన్‌లో పంపు ట్రోకాయిడ్ రకం, ఒక రోటర్ లోపల ఇంకో రోటర్. లోపలిది నేరుగా క్రాంక్ షాఫ్ట్ ముందు కొస మీదే కూర్చుంటుంది. క్రాంక్ 7000 తిరిగితే అదీ 7000 తిరగాల్సిందే. అదే షెవీ స్మాల్ బ్లాక్ లాంటి అమెరికన్ వీ8లో పంపు డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ మీద ఆధారపడి క్రాంక్ వేగంలో సగమే తిరుగుతుంది. హై వాల్యూమ్ పంపుల గురించి మనం వినే గొప్పలు చాలావరకు ఆ ఇంజన్లవి. ఇక్కడ వేగం ముందే రెట్టింపు, ఇంకా పెద్ద పంపు పెడితే మిగులు ఆయిల్ అంతా రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే తెరుచుకునే వాల్వ్) గుండా తిరిగొస్తుంది. దాన్ని తోయడానికి పెట్టిన పవర్ వేడిగా మారి ఆయిల్‌లోనే కలుస్తుంది.

ఇంకో మాట. పంపు ఆయిల్‌ని తోస్తుందంతే. బేరింగుల దగ్గర ఆ ఆయిల్‌కి అడ్డు తగిలితేనే ప్రెషర్ పుడుతుంది. బేరింగులు అరిగిన ఇంజన్‌కి పెద్ద పంపు పెడితే గేజ్ ముల్లు లేస్తుంది, అరుగుదల మాత్రం ఎక్కడికీ పోదు.

బిల్లెట్ రోటర్ల (గట్టి ఉక్కు దిమ్మ నుంచి చెక్కినవి) సంగతి వేరు, అవి కొన్ని ఇంజన్లకి నిజంగా అవసరమే. నిస్సాన్ ఆర్‌బి26 టర్బో ఇంజన్ తొలి క్రాంకుల మీద పంపుని పట్టే అంచు సన్నగా ఉండేది, గట్టి వాడకంలో లోపలి రోటర్ పగిలిపోయేది. ఎక్కువ బూస్ట్, ఎక్కువ ఆర్‌పీఎం, క్రాంక్ వణుకు కలిస్తే మామూలు సింటర్డ్ (లోహపు పొడిని అచ్చొత్తి కాల్చిన) రోటర్ తట్టుకోదు. టర్బో లేని 1.3కి ఆ ఖర్చు దండగ.

కొనడం దగ్గరే నాకు ఎక్కువ సమయం పట్టింది. ఎస్టీమ్ ఆగిపోయి చాలా కాలమైనా, జిప్సీ కింగ్‌లోనూ ఇదే ఇంజన్, అది 2019 దాకా నడిచింది. అందుకే లోపలి సామాను ఇంకా దొరుకుతోంది. పుత్లిబౌలిలో ఒక కొట్లో పంపు చేతికిస్తూ, "డబ్బా చూడు సార్, సీల్ గూడ తియ్యలే" అన్నాడు. అక్కడే తీయించి, కౌంటర్ మీద పంపు మూత ప్లేటు విప్పి ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకులు) పెట్టా. రోటర్ల పైన సందు 0.20 మి.మీ. దాటింది. మాన్యువల్‌లో ఈ సందుకి, అంటే సైడ్ క్లియరెన్స్‌కి, హద్దు 0.15 మి.మీ., బయటి రోటర్‌కీ కేసుకీ మధ్య 0.31. కొత్తదే హద్దు దాటితే అది ఎవరో పోసిన నకలే. డబ్బా మీద పేరు చూసి మోసపోవద్దు, పార్ట్ నంబర్‌ని పాత పంపుతో పోల్చుకోండి, ఫీలర్ గేజ్ జేబులో ఉంచుకోండి. రాణిగంజ్‌లో దొరికిన రెండోది 0.07 చూపించింది. అదే తెచ్చుకున్నా.

ప్లేటు స్క్రూలు మామూలు స్క్రూడ్రైవర్‌కి లొంగవు, తలలు చెడిపోతాయి. సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి. ప్లేటుని దళసరి అద్దం మీద పరిచిన 600 నంబర్ వాటర్ పేపర్ మీద, కొద్దిగా ఆయిల్ వేసి, ఎనిమిది అంకె తిప్పినట్టు రుద్దాను. నాలుగు తిప్పులకే అంచులు మెరిశాయి, మధ్యలో రూపాయి బిళ్లంత మచ్చ మసకగా మిగిలిపోయింది. అంటే అక్కడ పల్లం. ఆ మచ్చ పోయేదాకా రుద్దితేనే పని అయినట్టు. పోత పోసిన పంపుల్లో ఆయిల్ దారుల మూలల్లో చిన్న పొక్కులు ఉండొచ్చు. లోపలికొచ్చే దారి అంచుల్ని మాత్రం సన్న ఆకురాయితో గుండ్రంగా చేశా. వేగంగా తిరిగేటప్పుడు ఆయిల్ ఆ మూలల దగ్గర తెగి బుడగలు కడుతుంది. రోటర్లు ఆనే చదును ముఖాల మీద మాత్రం ఆకురాయి పడకూడదు, అక్కడ గీత పడితే ఆయిల్ లోలోపలే జారిపోతుంది. చివర్లో కొత్త స్క్రూలు, మరలు ఊడకుండా పట్టే లాక్‌టైట్ జిగురు కొంచెం.

రిలీఫ్ వాల్వ్ దగ్గర మా ఉస్తాద్‌కీ నాకూ వాదన. "స్ప్రింగ్ కింద ఒక వాషర్ ఏస్తే ప్రెషర్ మంచిగొస్తది సార్" అని పట్టుబట్టాడు. ఆయన చేతి పనికి వంక పెట్టలేం కానీ ఈ మాట ఒప్పుకోను. వాషర్ వేస్తే వాల్వ్ తెరుచుకునే హద్దు పెరుగుతుంది, అది పై ఆర్‌పీఎం సంగతి. ఐడిల్‌లో (బండి నిలబడి ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు) వాల్వ్ ఎటూ మూసే ఉంటుంది కాబట్టి అక్కడ ఒక్క పాయింటూ మారదు. నేను చూసుకున్నది ఒకటే: ఆయిల్ పూసిన ప్లంజర్ తన బరువుకి తానే గుంతలోకి జారాలి. నాది మధ్యలో ఆగింది. 1500 పేపర్‌తో చుట్టూ తేలిగ్గా తుడిస్తే జారింది. ఇది తెరుచుకుని ఇరుక్కుంటే ప్రెషర్ ఉండదు, మూసుకుని ఇరుక్కుంటే చలికాలం పొద్దున్నే ఫిల్టర్ సీల్ చిమ్ముతుంది.

పంపు ఎంత మంచిదైనా, అది ఆయిల్ పీల్చుకునే గొట్టం కొసనున్న జాలీకి ఆయిల్ అందకపోతే ఏం లాభం? ట్రాక్ మీద పొడుగు మలుపుల్లో ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో ఆయిల్ ఒక పక్కకి ఒరిగిపోతుంది, జాలీ కొబ్బరిబోండం అడుగున స్ట్రాలా గరగరమని గాలి పీలుస్తుంది. బాలానగర్‌లో ఒక లేత్ షెడ్డులో చాంబర్ లోపల అడ్డుగోడలు వెల్డింగ్ చేయించా. వెల్డింగ్‌కి చాంబర్ కొద్దిగా వంగుతుంది, కాబట్టి జాలీకీ అడుగుకీ ఎంత ఎడం ఉందో మళ్లీ చూడాలి. పిల్లలు ఆడుకునే క్లే ముద్దని జాలీ కింద పెట్టి, గాస్కెట్‌తో సహా చాంబర్ బిగించి, విప్పి ముద్ద మందం కొలిస్తే తెలిసిపోతుంది. 6 నుంచి 10 మి.మీ. మధ్య ఉంటే చాలు. నా అభిప్రాయంలో ఈ మొత్తం పనిలో రూపాయికి రూపాయి విలువ ఇచ్చింది ఈ చాంబరే, పంపు కాదు.

బిగించే ముందు రోటర్ల సందుల్లో వాసలీన్ కూరండి. పొడి పంపు గాలిని తిప్పుతుందే గానీ ఆయిల్‌ని పైకి లాగలేదు. స్పార్క్ ప్లగ్గులు తీసి, పెట్రోల్ పంపు ఫ్యూజు పీకి, ముల్లు లేచేదాకా ఆగి ఆగి స్టార్టర్ కొట్టండి. ఆయిల్ ప్రెషర్ గేజ్ తప్పనిసరి. డాష్‌లోని ఆయిల్ లైట్ వెలిగేసరికి ప్రెషర్ దాదాపు అడుగంటి ఉంటుంది. గేజ్ బిగించే చోటు, అంటే జపాన్ ఇంజన్ల ఆయిల్ ప్రెషర్ స్విచ్ రంధ్రం మర కొలత 1/8 బీఎస్‌పీటీ, అంగుళానికి 28 మరలు. అమెరికన్ గేజ్‌లవి 1/8 ఎన్‌పీటీ, 27 మరలు. రెండు చుట్లు సాఫీగా ఎక్కి తర్వాత బిగుసుకుంటుంది, అక్కడ బలం పెట్టకుండా అడాప్టర్ కొనండి.

ఇక ఫలితం. ఇంజన్ బాగా కాగాక 4000 దగ్గర 4 బార్, ఆ పైన ఎంత లాగినా ముల్లు వణకదు. పాత పంపుతో ట్రాక్ మీద కుడి మలుపుల్లో ముల్లు జారేది, ఇప్పుడు అది లేదు. నచ్చనిది ఐడిల్. మే నెలలో ఏసీ వేసుకుని పంజాగుట్ట సిగ్నల్ దగ్గర నిలబడితే 0.8కి దిగుతుంది. చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోస్తే ముల్లు పైకొస్తుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ పొద్దున చల్లటి ఇంజన్‌లో ఆయిల్ పైదాకా ఎక్కడం ఆలస్యమవుతుంది. నేను 10డబ్ల్యూ-40 దగ్గరే ఆగా. ప్రతి 1000 ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ అనే పాత లెక్క ప్రకారం చూస్తే 800 ఐడిల్‌కి 8 పీఎస్ఐ, అంటే దాదాపు 0.55 బార్ చాలు, కాబట్టి 0.8 బార్ భయపడాల్సినదేం కాదు.

టైమింగ్ బెల్ట్ మార్చినప్పుడు ఎటూ అంతా విప్పారు కదా అని పంపు ప్లేటు కూడా తీయించా. రుద్దిన మెరుపు మీద సన్న గీతలు, గోరుకి తగలనంత. సందు 0.08. అదే పంపు మళ్లీ వేసేశాం. క్రాంక్ కొస దగ్గర ఆయిల్ కారకుండా ఆపే సీల్ మాత్రం అప్పటికే చెమ్మ పట్టి, బెల్ట్ కవర్ లోపల నల్లగా పేరుకుంది. అది పంపుతో వచ్చింది కాదు, నేను విడిగా కొన్న లోకల్ సీల్. బెల్ట్ మీద ఆయిల్ పడితే బెల్ట్ పాడవుతుంది, అందుకని సీల్ దగ్గర మాత్రం బేరం ఆడకుండా మంచిది వేయించుకోండి.