సరిహద్దు కంచె: ముందు అడగడం మేలా, కట్టాక సర్దడం మేలా?

మయన్మార్‌తో ఉన్న 1,643 కిలోమీటర్ల సరిహద్దు పొడవునా కంచె వేస్తామని కేంద్ర హోం మంత్రి అమిత్ షా 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఆ నెలాఖరుకే మిజోరం అసెంబ్లీ, మార్చి 1న నాగాలాండ్ అసెంబ్లీ వద్దంటూ తీర్మానాలు చేశాయి. కంచె ఉండాలా వద్దా అన్న వాదన ఎలాగూ నడుస్తుంది. వేయడం ఖాయమే అనుకుందాం. సరిహద్దు ఊళ్లను ముందే అడగడం మేలా, వేసేసి ఇబ్బందులు తర్వాత చూడడం మేలా?

రెండో పద్ధతి ఎలా ఉంటుందో బంగ్లాదేశ్ సరిహద్దులో చూడొచ్చు. అక్కడ 4,096 కిలోమీటర్లలో 3,200కు పైగా కంచె పడింది. సరిహద్దు గీతకు 150 గజాల లోపు రక్షణ కట్టడాలు ఉండకూడదని రెండు దేశాలు 1975లో అనుకున్నాయి. దాంతో కంచె మన నేలలోనే వెనక్కి జరిగింది. నదులు, పల్లాలు ఉన్నచోట ఇంకా లోపలికి వచ్చింది. అలా కొందరి పొలాలు, కొన్నిచోట్ల ఇళ్లతో సహా, కంచెకు అవతల పడ్డాయి. భూమి మనదే, ఓటూ మనదే. కానీ పొలానికి వెళ్లాలంటే బీఎస్ఎఫ్ వాళ్లు గేటు తీయాలి, కార్డు చూపాలి, మళ్లీ మూసేలోపు వచ్చేయాలి. అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే ఆ టెన్షన్ వేరే చెప్పాలా? గేటు ఎక్కడుండాలి, కోతల రోజుల్లో ఎన్ని గంటలకు తీయాలి అని అడిగితే ఏ రైతైనా అరగంటలో చెప్పేసేవాడు.

ముందు కట్టేద్దాం అనేవాళ్ల మాట తీసిపారేయలేం. అడుగుతూ కూర్చుంటే ఏళ్లు పడుతుంది, ఈలోగా స్మగ్లింగ్ ఆగదు అంటారు. 2013 భూసేకరణ చట్టం కూడా దేశ రక్షణకు అత్యవసరమంటే సామాజిక ప్రభావ అంచనా లేకుండానే సాగనిస్తుంది. అయితే ఇలా మిగిల్చిన కాలాన్ని తర్వాత తిరిగి చెల్లించాల్సి వస్తుంది. ఇళ్లను లోపలికి కలుపుకుంటూ కంచెను గీత దగ్గరికి జరపాలంటే ఇప్పుడు ఢాకా ఒప్పుకోవాలి. ఊరి పెద్దలతో తేలాల్సింది విదేశాంగ వ్యవహారం అయిపోతుంది.

అడగడానికి ఏళ్లు పడుతుందన్న మాటకు జవాబు కూడా ఇదే సరిహద్దులో ఉంది. 2015లో రెండు దేశాలు చిట్‌మహల్‌లను, అంటే పొరుగు దేశం మధ్యలో చిక్కుకున్న ఊళ్లను మార్చుకున్నాయి. మనవి 111, వాళ్లవి 51. ఏ దేశ పౌరసత్వం కావాలో అక్కడి జనాన్నే అడిగారు. బంగ్లాదేశ్ లోపలున్న వాటి నుంచి ఇటు వస్తామన్నవాళ్లు వెయ్యి లోపే. ఆ సర్వే జూలైలోనే ముగిసింది. 1974లో రాసుకున్న ఒప్పందం అమలుకు ప్రభుత్వాలు తీసుకున్నది మాత్రం 41 ఏళ్లు!

ఇక మయన్మార్ వైపు. నాగాలాండ్ మోన్ జిల్లాలోని లోంగ్వాలో ఊరి అంగ్, అంటే కొన్యాక్ నాగాల పెద్ద, ఉండే ఇంటి మీదుగానే సరిహద్దు వెళ్తుంది. అక్కడ కంచె ఎక్కడ వేస్తారు? పైగా రాజ్యాంగంలో మన తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకంగా 371డి అధికరణ ఉన్నట్టే నాగాలాండ్‌కు 371ఎ ఉంది. భూమి యాజమాన్యం, బదలాయింపులపై పార్లమెంటు చట్టం అసెంబ్లీ ఒప్పుకుంటేనే అక్కడ వర్తిస్తుంది. కాబట్టి అక్కడ అడగడాన్ని కేంద్రం చూపే మర్యాదగా లెక్కేయలేం.

అడిగితే ఒకే జవాబు వస్తుందనీ లేదు. మణిపూర్‌లో మైతేయి సంఘాలు చాలావరకు కంచె కావాలంటున్నాయి, కుకీ, నాగా సంఘాలు వద్దంటున్నాయి. అమెరికాలో తోహోనో ఊధమ్ అనే ఆదివాసీ తెగ మెక్సికో సరిహద్దు గోడను గట్టిగా వ్యతిరేకించింది. 2019లో మాత్రం తమ నేలపై నిఘా టవర్లకు ఆ తెగ కౌన్సిల్ ఒప్పుకుంది. టవర్లు పడే ప్రాంతంలోని కొందరు దానికీ అభ్యంతరం చెప్పారు. అంటే ఎవరిని అడిగామన్నది కూడా తేడా తెస్తుంది.

నా ఓటు ముందే అడగడానికే. కాకపోతే అసెంబ్లీ తీర్మానంతో సరిపెట్టకుండా, ఊరి మండలి ముందు మ్యాపు పరిచి అడగాలి. గీత ఎటు పోతుంది, ఎవరి పొలం అవతల పడుతుంది, గేటు తాళం రాత్రి ఎవరి దగ్గరుంటుంది అని. 2024 ప్రకటన నాటికి మణిపూర్‌లోని మోరే దగ్గర 10 కిలోమీటర్లే పూర్తయింది. ఈ ప్రశ్నలకు ఇంకా వేళ మించిపోలేదు.